నీటి క్రింద రేడియో: జలాంతర్గామి బొమ్మల కథ

మాట గాలిలో పోవుననుట నేడెవరికిని వింత కాదు. ఇంట రేడియో గలవారికి అది ప్రొద్దుటి కాఫీతోపాటు నిత్యానుభవము. ఆ మాట నీటిలోనికి దిగగలదా యను ప్రశ్న మాత్రము సామాన్యముగ ఎవరికిని తోచదు. రేడియో కేంద్రమున ఉద్యోగము చేయుచున్న మాకును చాలకాలము తోచలేదు. పదవ తరగతి పరీక్షలు వ్రాసి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, సరూర్‌నగర్‌లోని మా యింటి మేడమీది సిమెంటు నీళ్ళతొట్టిలో ఒక బొమ్మ జలాంతర్గామిని ముంచి మమ్ము కేకవేసిన దినమున మొదటిసారి తోచినది.

"మామా, మునిగింది గానీ, ఇగ మాట ఇంటలేదు!" అని వాని మొర.

పి.వి.సి. గొట్టము ముక్క, దానికి రెండు ప్రక్కల మూతలు, లోపల ఒక సిరంజి, సిరంజిని లాగుటకు నెట్టుటకు ఒక చిన్న మోటారు, వెనుక ప్రొపెల్లరు – ఇదియే వాని జలాంతర్గామి. కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్న విడిభాగములు కొన్ని, పాడైన బొమ్మకారునుండి ఊడదీసిన రేడియో రిసీవరు ఒకటి దాని లోపలి సరంజామా. నీటిపై తేలుచున్నంతసేపు అది చెప్పినట్లు వినినది. సిరంజిలోనికి నీరు పీల్చుకొని జానెడు లోతు దిగగనే చెవిటిదైనది. పైకి రమ్మని మీట ఎన్నిమారులు నొక్కినను రాలేదు. తుదకు చీపురుకర్రకు కొక్కెము కట్టి దానిని పైకి తీసితిమి.

వాడు లోపమును మోటారులో వెదకుచుండెను. లోపము మోటారులో లేదు, నీటిలో నున్నది. ఆ సంగతికి నూటయిరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1895వ సంవత్సరమున కలకత్తా పురమందిరములో జగదీశ చంద్ర బోసు మహాశయుడు విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, అవతలి గదిలోని గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. అటు తరువాత మూడేండ్లకు, 1898లో, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనయందు నికోలా టెస్లా ఒక చిన్న కొలనులో ఇనుప పడవను వదలి, తీగ తగిలింపకయే దూరమునుండి దానిని కుడికి ఎడమకు త్రిప్పి, దీపములను వెలిగించి ఆర్పి చూపెను. చూచినవారిలో కొందరు ఇది ఇంద్రజాలమనిరి. అరువదినాలుగునకు ఘనమూలమెంతయని అడిగినచో పడవమీది దీపము నాలుగుమారులు మినుకుమనెడిదట! మీట త్రిప్పుచున్నది టెస్లాయేనని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరము నవంబరు 8న ఆయనకు దీనిపై 613,809 సంఖ్యగల పేటెంటు లభించినది. దూరనియంత్రణతో నడచు బొమ్మలన్నిటికిని – కారులు, విమానములు, నేటి డ్రోనులతో సహా – మూలపురుషుడు ఒక పడవ యనుట చాలమంది మరచిన విషయము.

మన కథకు కావలసినది ఆయన రెండవ పడవ. 1919లో పత్రికకు వ్రాసిన స్వీయచరిత్రలో టెస్లా, తరువాత చేసిన పెద్ద పడవలో ఏరియలు చుట్టను లోపలనే యుంచి, నీరు చొరకుండ మూసి, పూర్తిగ మునుగునట్లు చేసితినని చెప్పుకొనెను. అనగా రేడియోతో నడచు మొదటి పడవ పుట్టిన వెనువెంటనే దానిని ముంచవలెనను కోరికయు పుట్టినదన్నమాట. మానవుని స్వభావమట్టిది. తేలుదానిని ముంచవలెను, మునిగినదానిని మరల తేల్చవలెను.

మునుగుట తేలుట యనునది రేడియోకంటె చాల పాతకథ. వస్తువు తాను తొలగించిన నీటి బరువుకంటె తేలికయైన తేలును, బరువైన మునుగును. ఈ ఆర్కిమెడీసు సూత్రమును మన బడిపిల్లలు కంఠస్థము చేయుదురు. 1950ల దశకమున అమెరికాలో ఫలాహారపు అట్టపెట్టెలలో వ్రేలెడంత ప్లాస్టికు జలాంతర్గామిని ఉచితముగ పెట్టి యిచ్చెడివారు. అడుగున చిన్న గుంట. అందులో చిటికెడు బేకింగ్ పౌడరు. నీటిలో వేయగనే మునుగును. పొడి తడిసి వాయువు బుడగ కట్టగనే తేలును. బుడగ జారిపోగనే మరల మునుగును. రేడియో లేదు, మోటారు లేదు. అయినను ఒక తరము పిల్లలకు జలాంతర్గామి రహస్యమంతయు అదియే నేర్పినది.

ఆ బొమ్మకు, ఆజ్ఞ విని మునుగు బొమ్మకు నడుమ ట్రాన్సిస్టరు వచ్చినది. బల్బులతో చేసిన రిసీవరు బరువు, దాని బ్యాటరీల బరువు చిన్న పడవకు మోయరానివి. ట్రాన్సిస్టర్లు చౌకయైన తరువాతనే బ్రిటనులో, జర్మనీలో, అమెరికాలో ఇంటి పెరటి షెడ్డులలో ఈ వ్యాపకము కుదురుకొన్నది. సర్వరును వాచీ మరమ్మతువలె ఓపిక గలవారు. వారు పడవను రెండు భాగములుగ చేయుదురు. బయటి డొల్లలోనికి నీరు యథేచ్ఛగ వచ్చి పోవును. లోపల మాత్రము నీరు చొరని గొట్టమొకటి. రిసీవరు, బ్యాటరీ, మోటారు, సెర్వోలు అందులో భద్రము. మోటారు ఇరుసు ఆ గొట్టమును దాటి బయటకు వచ్చుచోట రబ్బరు ఓ-రింగు, గ్రీజు. ఈ వ్యాపకమున సగము దుఃఖము ఆ ఒక్క రంధ్రముననే యున్నదని అనుభవజ్ఞులందురు. మేమును ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ముంచుటకు పద్ధతులు రెండు. ఒకటి, ఎల్లప్పుడు తేలికగనే యుండి, ముందు వెనుకల రెక్కలను వంచి, వేగముతో నీటిలోనికి దూరుట. మోటారు ఆగిన పైకి వచ్చును గనుక ఇది క్షేమము. రెండవది నిజమైన జలాంతర్గామివలె బలాస్టు ట్యాంకులో నీరు నింపి, ఉన్నచోటనే మునుగుట. ఇందులకు కొందరు పంపును వాడుదురు. కొందరు డబ్బాలో నింపిన వాయువుతో ట్యాంకును ఊదుదురు. జర్మనీలోని ఎంగెల్ సంస్థవారు మరచుట్ల కడ్డీతో నడచు ముషలకము గల ట్యాంకులకు పేరుపొందిరి. మా మేనల్లుని సిరంజి ఆ జాతిదే. కులము పెద్దది, రూపము పేద.

మన తెలుగునాట బొమ్మ చేయగోరువారికి మూలరూపము కొరకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణము రామకృష్ణా బీచియందు కురుసురా నిలిచియున్నది. 1969 డిసెంబరులో సోవియట్ దేశమున మన నౌకాదళములో చేరి, 1971 యుద్ధమున కావలి తిరిగి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొంది, 2002 ఆగస్టునుండి ప్రదర్శనశాలయై యున్నది. పిల్లలతో విశాఖ పోయినవారిలో దాని యిరుకు వాకిళ్ళలో తల తగిలించుకొననివారు అరుదు. దాని పొడవు 91.3 మీటర్లు. నీటిపై నున్నప్పుడు తొలగించు నీరు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. దీనిని డెబ్బదిరెండవ వంతుగ చేసినచో పొడవు 127 సెంటీమీటర్లు వచ్చును, సుమారు నాలుగడుగులు. బరువు మాత్రము డెబ్బదిరెండింట ఒకవంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గును గనుక డెబ్బదిరెండును మూడుమారులు గుణించి భాగింపవలెను. అప్పుడు 2,475 టన్నుల నౌక ఆరు కిలోల ఆరువందల గ్రాములకు దిగును. మునుగుటకు లోనికి తీసికొనవలసిన నీరు సుమారు 1.4 లీటర్లు, మన వంటింటి చెంబుతో కొలువదగినంత.

వేగముకు మరియొక లెక్క కలదు. 1870ల దశకమున ఇంగ్లండులోని టార్కీలో విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు పొడవైన తొట్టి కట్టించి మైనపు ఓడలను అందులో లాగించి నిరూపించిన నియమమది: వేగము, పరిమాణపు వర్గమూలమును బట్టి తగ్గును. కురుసురా మునిగి గంటకు 15 నాటికల్ మైళ్ళు పోయినచో మన నాలుగడుగుల బొమ్మ సెకనుకు ఒక మీటరు కంటె కొంచెము తక్కువగ పోవలెను, అనగా సాయంకాలపు షికారు నడకకన్నను మెల్లగ. అంతకు మించి పరుగెత్తించినచో చూచుటకు అది చేపపిల్లవలె నుండునే గాని జలాంతర్గామివలె నుండదు. ఫ్రూడ్ తొట్టిని చూచి బొమ్మలాట యనుకొనరాదు. 1969లో విశాఖపట్టణమున స్థాపితమైన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో అటువంటి తొట్టియే 500 మీటర్ల పొడవున కలదు. ఓడలు, జలాంతర్గాములు సముద్రము చూడకముందు వాని నమూనాలు అచట నీరు త్రాగును.

ఇక మన చెవిటి బొమ్మ సంగతికి వత్తము.

ఈ వ్యాపకమువారు మొదట వాడిన రేడియోలు దేశమును బట్టి 27, 40, 75 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యములవి. తరంగపు పొడవు నాలుగు మీటర్లనుండి పదకొండు మీటర్ల వరకు. మంచినీటి చెరువులో ఇవి కొన్ని మీటర్ల లోతు దిగును. బొమ్మకు అంతకంటె నక్కరలేదు. 2005 తరువాత బొమ్మల రేడియోలు క్రమముగ 2.4 గిగాహెర్ట్జ్‌నకు మారినవి. మన దేశమునను ఆ పట్టీ లైసెన్సు లేకుండ వాడుకొనుటకు ఆ యేడే అనుమతి వచ్చినది. విమానముల బొమ్మలవారికి, కారుల బొమ్మలవారికి ఇది పండుగయైనది. ఒకరి రేడియో ఒకరికి అడ్డు రాదు, ఏరియలు వ్రేలెడు. జలాంతర్గామివారికి మాత్రము ఇది గ్రహణము. ఆ తరంగమును నీరు త్రాగివేయును. మన వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది కూడ రమారమి ఆ పౌనఃపున్యముననే గదా! అన్నములోని నీటిని వేడిచేయునది చెరువులోనికి చొచ్చుకొనిపోవునని ఆశించుట యెట్లు? నాలుగైదు సెంటీమీటర్లు దిగుసరికి దాని బలమున పదింట తొమ్మిదివంతులు పోవును. అందుచేత ఈ వ్యాపకమువారు ఇతరులు మూలన పడవైచిన పాత సెట్లను వెదకి కొని, బీరువాలో బంగారమువలె దాచుకొనుచున్నారు. కాలము ముందునకు పోవుచుండ వెనుకటి వస్తువునకు విలువ హెచ్చుట సంగీతములోనే కాదు, రేడియోలోను కలదు.

చదువరులు ఇంటనే దీనిని పరీక్షింపవచ్చును. ప్లాస్టికు బకెట్టు నిండ నీరు పోసి, బ్యాటరీతో నడచు చిన్న ట్రాన్సిస్టరును మీడియం వేవ్ స్టేషను పట్టించి, నీరు చొరని మూతగల ప్లాస్టికు డబ్బాలో నుంచి ముంచుడు. శబ్దము మందగించును గాని కార్యక్రమము తెగదు. సెల్‌ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పాటలు పాడు చిన్న స్పీకరును అట్లే ముంచినచో నాలుగు వ్రేళ్ళ లోతుననే పాట ముక్కలై ఆగును. కరెంటు తీగ తగిలించిన వస్తువును దేనినైనను నీటి దరిదాపులకు తేరాదని వేరుగ చెప్పవలెనా?

మా మేనల్లుడు ఈ సంగతి విని, అటక మీది మరియొక పాత బొమ్మనుండి 27 మెగాహెర్ట్జ్ రిసీవరును తీసి, అతికించి, మరల తొట్టిలో ముంచెను. అడుగున కూర్చుండియు అది మాట వినినది. వాని ముఖము చూడవలసినదే. ఆ ఉత్సాహమున రెండువందల లీటర్ల డ్రమ్ములో నీరు నింపి, బొమ్మను అడుగునకు దింపి, కిలో ఉప్పు తెచ్చి పిడికిలి పిడికిలిగ కలిపితిమి. పిడికిలికొక మారు బొమ్మ బదులు చెప్పుట తడబడి, కిలో ముగియకముందే మౌనము దాల్చినది. ఉప్పు కరగిన నీరు విద్యుత్తునకు దారి యిచ్చును. దారి దొరకిన తరంగము అచటనే ఖర్చైపోవును. సముద్రములోనైతే 27 మెగాహెర్ట్జ్ తరంగము ప్రతి అయిదు సెంటీమీటర్లకు సుమారు మూడింట రెండువంతుల బలము పోగొట్టుకొనును. ఇంటిలో మాత్రము కిలో ఉప్పు వృథా చేసినందుకు మా కిరువురకు తగిన సత్కారమే జరిగినది.

అట్లయిన సముద్రగర్భమున నున్న నిజమైన జలాంతర్గామితో మాటలాడుట యెట్లు? ఇదియే గత నూరేండ్ల నౌకాదళముల సమస్య. తరంగమును ఎంత పొడవు చేసిన అంత లోతు దిగును. 18 కిలోహెర్ట్జ్ తరంగపు పొడవు పదహారు కిలోమీటర్లకు పైమాట. దిల్‌సుఖ్‌నగర్ నుండి చార్మినారుకు పోయి తిరిగివచ్చినను అంత దూరము కాదు. అట్టి తరంగము సముద్రములో పది యిరువది మీటర్ల వరకు దిగును. అయితే దానిని పుట్టించుటకు ఏరియలు కూడ ఆ కొలతలోనే కావలెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు కాల్బె యను ఊరిచెంత 1943లో గోలియత్ అను ప్రసారిణిని నెలకొల్పి, వేయి కిలోవాట్ల శక్తితో తమ జలాంతర్గాములకు ఆజ్ఞలు పంపిరి. మన హైదరాబాదున 1935 ఫిబ్రవరి 3న డక్కన్ రేడియో ప్రసారము లారంభించినది 200 వాట్లతో. గోలియత్ దానికి అయిదువేల రెట్లు. యుద్ధానంతరము సోవియట్లు దానిని విప్పి, బండ్లకెక్కించి, తమ దేశమునకు తీసికొనిపోయి మరల నిలిపిరి.

మన దేశమున తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా విజయనారాయణములో 1990లో కట్టబొమ్మన్ పేర ఇట్టి కేంద్రము నెలకొన్నది. అచటి స్తంభములలో ఉన్నతమైనవి 471 మీటర్లు. చార్మినార్లను ఒకదానిపై నొకటి ఎనిమిదింటిని నిలిపినను అందవు. ఇంత చేసియు ఆ దారి ఒకవైపుదే. ఒడ్డు చెప్పును, జలాంతర్గామి వినును. బదులు చెప్పవలెనన్న అది పైకి రావలసినదే. మాటలాడుట నెమ్మది; అక్షరములే గాని కంఠము పోదు. రెండవ కేంద్రమునకు మన తెలంగాణములోనే, వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో, 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి శంకుస్థాపన చేసిరి. అందులకు సుమారు 2,900 ఎకరముల అటవీభూమి. ఆ చెట్ల కొరకును, ఆ ప్రాంతపు అనంతగిరి కొండలలో పుట్టు మూసీనది కొరకును అనేకులు ఆందోళన చేసిరి, న్యాయస్థానమునకును పోయిరి. అంత భూమి యేల యని అడిగినవారికి తరంగపు పొడవే సమాధానము. అడవి పోయిన నది యేమగునని అడిగినవారికి తరంగశాస్త్రమున సమాధానము లేదు. రేడియో ఉద్యోగులమైన మాకు మొదటి సమాధానమే నోటికి ముందు వచ్చును. మూసీ యొడ్డు ఊరివారమైనందున రెండవ ప్రశ్న మమ్ము విడువదు.

బొమ్మలవారు ఈ పాఠమును చిన్న రూపమున పాటించుచున్నారు. రిసీవరునకు తరంగము అందని క్షణముననే ట్యాంకులోని నీటిని తానుగ వెడలగొట్టి బొమ్మ పైకి వచ్చునట్లు ఒక యేర్పాటు పెట్టుదురు. దీనిని ఫెయిల్‌సేఫ్ అందురు. చెవి వినబడనిచో పైకి రావలెను. ఇంతే దాని తెలివి. మా మేనల్లుడు రెండవ పడవలో దీనిని పెట్టుటకు పదునైదు దినములు పట్టినది. అదనముగ, మా పట్టుదల మీద, ఒక గట్టి నైలాను దారమును పడవ తోకకు కట్టినాడు.

ఆ తరువాత వానికి తొట్టి చాలలేదు. సరూర్‌నగర్ చెరువునకు పోదమని పట్టుబట్టెను. ఈ చెరువు 1626 నాటిది, కుతుబ్‌షాహీల కాలపుది. ఊరు పేరు తరువాతి నిజాముల కాలమున ప్రధానిగ నున్న అరస్తూజాహ్ భార్య సురూర్ అఫ్జా పేర వచ్చినది. ఆయకట్టు పొలములు కాలనీలుగ మారినకొలది చెరువులోనికి వానతోపాటు మురుగును చేరినది. 2003, 2004 ప్రాంతములలో హుడావారు గట్టు బాగుచేసి, పూడిక తీయించి, తోట వేయించిరి. 2020 అక్టోబరు వానలలో నిండి, పొంగి, చుట్టుప్రక్కల యిండ్లలోనికి తానే వచ్చినది. నేడు గాలి తిరిగినప్పుడు ముక్కు మూసికొని గట్టున నడచువారికి ఇది మంచినీటి చెరువని చెప్పిన నవ్వుదురు.

ఒక ఆదివారము తెల్లవారుజామున, గుర్రపుడెక్క లేని మూల చూచి, పడవను వదలితిమి. జానెడు లోతున వినినది. మూరెడు లోతున తడబడినది. ఇంకను దింపగా సంకేతము తెగి, ఫెయిల్‌సేఫ్ పనిచేసి, బుడగలతో పైకి తేలినది. మేడమీది తొట్టిలో నాలుగడుగుల అడుగున హాయిగ మాటలాడిన యదే పడవ, యదే బ్యాటరీ. తేడా నీటిదే. మురుగులో కరగియున్న లవణములు మా కిలో ఉప్పు చేసిన పనినే చేయుచున్నవి. ప్రయోగశాలలో సీసాలలో పట్టి చెప్పు మాటను ఆ బొమ్మ తన మౌనముతో చెప్పినది. గట్టున వ్యాయామము చేయుచున్న పెద్దమనిషి యొకరు, "ఏం పడ్తున్నరు బాబూ, చేపలా?" అని అడిగిరి. మా వాడు చేపలు కావని చెప్పి, సంగతి వివరింప మొదలిడెను. ఆయన అర్ధగంట కదలలేదు.

పడవ మౌనము దాల్చిన లోతున దారమునకు ఒక ముడి వేసి, తేదీ వ్రాసిన కాగితపు చీటీ దానికి అతికించి, వాడు దానిని మా బీరువాలో దాచి పోయినాడు. వానకాలము గడచి, దసరా సెలవులకు వచ్చినప్పుడు అదే మూలన, అదే గంటకు, అదే దారముతో మరల ముంచవలెనని వాని యేర్పాటు. బ్యాటరీలు మాత్రము మేము కొనవలెనట.